బుజ్జిబాబు రైట్ టైమ్

పేరు బుజ్జిబాబు గానీ, మనిషిలో ముద్దు చేయదగిందేమీ లేదు. యాభై ఎనిమిదేళ్ళవాడు. నవ్వు రేషన్లో ఇచ్చినట్టు నెలకోసారి ఇస్తాడు. ఈ బెంగాలీ ఊళ్ళో మా తెలుగువాళ్ళ రైల్వే కాలనీ న్యూ సెటిల్‌మెంట్. దాని మలుపులో పాన్ షాపు పక్కన ఒక చెక్కబల్ల, ఒక ఇనప కుర్చీ, వాటి పైన షాపు గోడకు వేలాడే గడియారం ఉంటాయి. పదకొండేళ్ళుగా ఆ కుర్చీ అతనిదే.

స్టేషను దగ్గర బయల్దేరి, సుభాష్‌పల్లి మీదుగా మా మలుపుకొచ్చి, ఆపైన సాలువా వెళ్ళే మినీబస్సులకు అతను టైమ్‌కీపరు. బస్సు రాగానే హెల్పరు దూకి చీటీ పట్టుకుని పరుగెత్తుకొస్తాడు. బుజ్జిబాబు గడియారం వంక చూసి పుస్తకంలో టైము రాస్తాడు. స్టేషను నుంచి మా మలుపుకు పద్దెనిమిది నిమిషాలు. పంతొమ్మిదో నిమిషం పడిందా, తర్వాతి ట్రిప్పులో ఆ బస్సు వంతు పోయినట్టే. వెనక బస్సు ముందుకు వెళ్ళిపోతుంది, ఇది స్టాండులో బిక్కమొహం వేసుకుని నిలబడాలి.

అతని కంటే ముందున్న టైమ్‌కీపరు రెండు నిమిషాలు చూసీ చూడనట్టు వదిలేసేవాడట. బుజ్జిబాబు కుర్చీ ఎక్కిన మొదటి వారంలోనే దానికి నీళ్ళొదిలాడు.

"గ్రేసా? రైల్లో గ్రేసు ఉంటాదేటి?" అనేవాడు.

అతను రైల్లో ఎన్నడూ పని చేయలేదు. అదే అసలు కథ. వాళ్ళ నాన్న అప్పలస్వామి గారు టెక్కలి పక్క పల్లె నుంచి వచ్చి ఇక్కడ గూడ్సు గార్డుగా ముప్పై ఆరేళ్ళు చేసి దిగిపోయారు. ఒక్కగానొక్క కొడుకు రాత పరీక్ష మంచి మార్కులతో పాసయ్యాడు. మెడికల్లో చుక్కల పుస్తకం చూపించారు. రంగురంగుల చుక్కల మధ్య దాగిన అంకె చెప్పాలి. మనవాడికి అంకె కనిపించలేదు. ఎరుపూ పచ్చా అతని కంటికి ఒకటే. ఎర్ర సిగ్నలేదో పచ్చ సిగ్నలేదో తెలియనివాణ్ణి రైల్వే ఏం చేసుకుంటుంది? మా కాలనీలో ఎవరికి ఏ జబ్బున్నా దాచుకోవచ్చు గానీ, మెడికల్లో ఫెయిలైతే మాత్రం పది క్వార్టర్లకు తెలిసిపోతుంది. నాకూ అలాగే తెలుసు. అప్పుడు నేను తెలుగు బళ్ళో కొత్తగా చేరిన మీనాకుమారి టీచర్ని.

ఆ తర్వాత అతను చాలా పనులు చేశాడు. పెళ్ళి మాత్రం చేసుకోలేదు. చివరికి ఈ గడియారం దొరికింది. రైలు ఇవ్వని యూనిఫారం ఈ కుర్చీ ఇచ్చిందనుకున్నాడేమో, ఇస్త్రీ చొక్కా లేకుండా ఒక్కరోజు వచ్చింది లేదు. నాన్నగారు డ్యూటీకి మోసుకెళ్ళిన లైను పెట్టె, అదే గార్డుల నల్ల ఇనప పెట్టె, బల్ల కింద పెట్టుకుని, నిండిపోయిన టైము పుస్తకాలన్నీ అందులో దాచాడు. "మన లైన్లో బస్సులు రైట్ టైమ్" అని చెప్పుకోవడమే అతనికి పండగ.

బస్సులు రైట్ టైమే. నలిగిపోయింది మేమే.

డ్రైవర్లు తక్కువ తిన్నవాళ్ళా? స్టేషను దగ్గర జనం నిండేదాకా ఈడుస్తూ నిలబడతారు. పోయిన ఆ నాలుగు నిమిషాలూ మా రోడ్డు మీద రాబడతారు. బడి గేటు ముందు, కొళాయి సందు ముందు, బజారు మలుపులో, ఎక్కడా వేగం తగ్గదు. స్టాపులో బస్సు ఆగదు, మెల్లబడుతుంది. "ఆస్తే, లేడీస్! బాఁ పా ఆగే!" అని హెల్పరు బెంగాలీలో అరుస్తాడు, ఆడవాళ్ళున్నారు, మెల్లగా అని. ఎడమ కాలు ముందు పెట్టి ఉరకాలి. నేను అరవై రెండేళ్ళ వయసులో ఆ విద్య నేర్చుకున్నాను, సిగ్గుపడకుండా చెబుతున్నాను.

బుజ్జిబాబు అక్క దాలమ్మ నేర్చుకోలేకపోయింది. భర్త పోయాక ఆవిడ సుభాష్‌పల్లిలో ఒక సందు మొదట్లో ఉంటోంది. ప్రతి మంగళవారం అమ్మవారి గుడికని బస్సెక్కి మా మలుపుకు వచ్చేది. గుడి పేరే గానీ, చేతిలో క్యారేజీ తమ్ముడికోసం. ఆవ పెట్టిన అరటికాయ కూర అంటే అతనికి ప్రాణం. రెండేళ్ళ కిందట విశ్వకర్మ పూజ మర్నాడు ఆవిడ ఒక కాలు మెట్టు మీద పెట్టగానే బస్సు కదిలిపోయింది. తుంటి విరిగింది. క్యారేజీ గిన్నెలు నాలుగూ రోడ్డు మీద నాలుగు దిక్కులకు దొర్లాయి. మూడు నెలలు మంచం, ఆపైన చేతికర్ర. ఆ తర్వాత ఆవిడ బస్సెక్కలేదు. ఆదివారాలు అతనే సైకిలు మీద వెళ్ళి చూసొచ్చేవాడు.

"అప్పకి తొందరెక్కువ. బస్సు ఆగీదాకా ఆగొద్దేటి?" అనేవాడు అందరితో. నాకు ఒళ్ళు మండేది. అయినా ఏమీ అనేదాన్ని కాదు, అదీ నా తప్పే.

ఈలోగా పోయిన చలికాలంలో విష్ణుప్రియ వచ్చింది. వరంగల్ పిల్ల, ఇక్కడ ఐఐటీలో రోడ్ల మీద పరిశోధన చేస్తోంది. మా రోడ్డులో బస్సులూ దాటే చోట్లూ ఎలా బాగుపడాలో రోడ్డు మీద బతికేవాళ్ళనే అడుగుదామని ఆ పిల్ల పట్టుదల. మున్సిపాలిటీ సరేనంది. ఆమె మా రోడ్డు పొడుగునా పెద్ద పటం గీయించుకుని, రెండు ఆదివారాలు సందు సందూ తిరిగింది. మా ఆడవాళ్ళు మొదట దగ్గరికి రాలేదు. పెన్ను ఇస్తే "సదువు రాదమ్మా" అని తప్పుకున్నారు. అప్పుడు ఆ పిల్ల ఫ్యాన్సీ షాపుకెళ్ళి బొట్టుబిళ్ళలు కొనుక్కొచ్చింది.

"ఇగో అమ్మా, ఎక్కడ భయమైతదో అక్కడ ఎర్రది అంటించుండ్రి. ఎక్కడ మంచిగనిపిస్తదో అక్కడ పచ్చది. గంతే" అంది.

బొట్టు పెట్టమంటే మావాళ్ళు ఆగుతారా? రెండో ఆదివారానికి పటం అమ్మవారి ముఖంలా తయారైంది.

ఆ పటాన్ని తెలుగు బడి హాల్లో గోడకు కట్టి మీటింగు పెట్టారు. నూరు మంది దాకా వచ్చారు. దాలమ్మని టోటో ఆటోలో ఎక్కించి నేనే తీసుకొచ్చాను. బుజ్జిబాబు డ్యూటీ దిగి, అందరికంటే ఆఖర్న, ఇస్త్రీ చొక్కాలో వచ్చాడు. పటం ముందు నిలబడి చాలాసేపు చూశాడు. సుభాష్‌పల్లి నుంచి మా మలుపు దాకా, ముఖ్యంగా అతని బల్లకు ముందున్న అర మైలూ బొట్లతో కిక్కిరిసి ఉంది. అతని ముఖం విప్పారింది. నెల రేషను నవ్వు అక్కడే ఇచ్చేశాడు.

విష్ణుప్రియ అడగకముందే మైకు అందుకున్నాడు.

"నాను మాటలాడీవోణ్ణి కాదు. పదకొండేళ్ళు ఎండనక వాననక ఆ కుర్సీలో కూకున్నాను. ఎవులూ సూడట్లేదనుకున్నాను. ఇన్ని పచ్చ బొట్లెట్టి నా కట్టం గురుతుంచుకున్నారు. మా నాన్నుంటే..." అన్నాడు.

తెలిసినవాళ్ళం కాళ్ళ వంక చూసుకున్నాం. తెలియని విష్ణుప్రియ నా వంక చూసింది. లేచి చెప్పాల్సింది నేను. ముప్పై ఏళ్ళు పాఠాలు చెప్పినదాన్ని, కూర్చుండిపోయాను.

దాలమ్మ కర్ర పట్టుకుని లేచింది.

"ఒరే బుజ్జీ. కూకోరా. అయి పచ్చవి కావు."

"ఏటప్పా?"

"ఎర్రవిరా. అన్నీ ఎర్రవే. ఆటిలో ఒకటి నాది."

అతను మైకు బల్ల మీద పెట్టాడు. తిరిగి పటం దగ్గరికి వెళ్ళి, సుభాష్‌పల్లి సందు మొదట్లో ఉన్న బొట్టు మీద వేలు పెట్టాడు. "ఇదా?" అని అడిగాడు. "అదే" అంది దాలమ్మ. ఎవరి మొహమూ చూడకుండా బయటికి వెళ్ళిపోయాడు. ఆ క్షణాన అతన్ని చూసి నాకు ఏడుపొచ్చింది. అంతకు ముందు పదకొండేళ్ళుగా తిట్టుకున్న మనిషే.

మర్నాడు మధ్యాహ్నం నేను మలుపుకు వెళ్ళేసరికి లైను పెట్టె మూత తీసి ఉంది. పుస్తకాలన్నీ బల్ల మీద కుప్ప. అతను ఒక పేజీ మీద వేలు పెట్టుకుని కూర్చున్నాడు.

"టీచరమ్మా, అప్ప పడ్డది పదకొండుంపావుకి గదా?"

"ఆ, అంతే."

పుస్తకం నా వైపు తిప్పాడు. విశ్వకర్మ పూజ మర్నాటి పేజీ. పదకొండు ఇరవై నాలుగు, డ్రైవరు నిమాయ్. పక్కన గుండ్రటి అక్షరాలతో "రైట్ టైమ్". కింద గీత కూడా గీశాడు. బాగా వచ్చిన బస్సులకు గీత గీయడం అతనికి అలవాటు.

అంతలో ఆ నిమాయ్ బస్సే వచ్చింది. బుజ్జిబాబు లేచి కిటికీ దగ్గరికి వెళ్ళి అడిగాడు. "దాదా, ఆ దినం ఒక ముసలామె పడిపోనాది. నీకు తెలుసునా?"

నిమాయ్ వయసైన బెంగాలీ డ్రైవరు, అబద్ధాలాడే మనిషి కాదు. స్టీరింగు మీద చేతులు పెట్టుకుని, వచ్చీరాని తెలుగులో చెప్పాడు.

"తెలుసు. అద్దంలో చూసినా. ఎవరో లేపుతుండారు. నేను ఆగలే. ముందురోజు లేటు, వంతు పోయింది. మళ్ళీ లేటయితే బస్సు మాలిక్ నన్ను దించేస్తాడు. నాకు ఆమె కనపడలే దాదా, నీ గడియారం కనపడింది."

"ఆమె మా అప్ప" అన్నాడు బుజ్జిబాబు.

బుజ్జిబాబు కోప్పడలేదు. "ఎల్లు దాదా, టైమైపోతంది" అని అలవాటుగా అనేసి, ఆ మాటకు తనే ఉలిక్కిపడి చెయ్యి నోటికి అడ్డం పెట్టుకున్నాడు.

మూడు రోజులు అతను ఖాళీ దొరికితే ఆ పెట్టే తిరగేశాడు. కుర్చీ మానేస్తాడేమో అనుకున్నాను. నాలుగో రోజు విష్ణుప్రియనీ నన్నూ పిలిపించాడు. పెట్టె అడుగున దొరికిందట, నాన్నగారి కాలం నాటి పసుపు పచ్చబడ్డ కాగితం ఒకటి చూపించాడు.

"దీన్ని కాషన్ ఆర్డరంటారమ్మా. పట్టా బాగోలేని సోట, వంతెన పని సేసీ సోట, డ్రైవరుకి ముందే కాయితం రాసిచ్చీస్తారు. ఇక్కడ నుంచి ఇక్కడి దాకా మెల్లగా ఎల్లు అని. ఆ మెల్లదనానికి పట్టీ టైము కూడా లెక్కలో కలిపీస్తారు. డ్రైవర్ని తప్పు పట్టరు. నాను రైలు దగ్గర టైము నేర్సుకున్నాను గానీ ఈ కాయితం మర్సిపోనాను."

వాళ్ళ నాన్న ఇంకో మాట అనేవారట. "లేటొస్తే సంజాయిషీ రాసుకుంటాం. ముందొచ్చీసినోడు ఏదో ఒకటి వదిలీసి వచ్చినోడే." ఆ మాట చెబుతూ అతను విష్ణుప్రియ వెంట తెచ్చిన పటంలోని బొట్ల వంక చూశాడు.

రెండో మీటింగులో పటం మళ్ళీ కట్టారు. ఈసారి బొట్లు ఎక్కడ గుంపుగా ఉన్నాయో అక్కడివాళ్ళే లేచి చెప్పారు. కొళాయి సందు ఆడవాళ్ళు స్టాపుని సందు దాటాక పెట్టమన్నారు. ఆగిన బస్సు ముందు నుంచి దాటుతుంటే వెనకొచ్చే లారీకి మేం కనపడం గదా, అని ఒకామె రెండు చెంబులు నేల మీద పెట్టి చూపించింది. విష్ణుప్రియ పుస్తకంలో గబగబా రాసుకుంది. చివరికి ఐదు చోట్లు తేలాయి. ఆ ఐదింటితో బుజ్జిబాబు కాషన్ ఆర్డరు తయారుచేశాడు. ఐదు చోట్లా వేగం ఇరవైకి మించకూడదు, స్టాపులో చక్రం పూర్తిగా ఆగాలి. దానికి పద్దెనిమిది నిమిషాలు ఇరవై రెండయ్యాయి. ఇరవై రెండుకు ముందే వచ్చిన బస్సుకి వంతు పోతుంది.

"మరి లేటొస్తే?" అని అడిగాను.

"లేటు లేటే. నాలుగు నిమిషాలిచ్చినాను గదా, ఇంకా గ్రేసేటి?" అన్నాడు. పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గానీ పోదని ఊరికే అన్నారా!

బస్సు యజమానుల సంఘం కార్యదర్శి ఎగిరిపడ్డాడు. నాలుగు నిమిషాలు ఎక్కువైతే జనమంతా టోటోలు ఎక్కేస్తారన్నాడు. "ఒక్క నెల చూస్తా. బస్సుల్లో జనం తగ్గితే నీ కుర్చీ ఇంకొకడిది" అని తెగేసి చెప్పాడు. బుజ్జిబాబు "ఠీక్ హై" అన్నాడు. ఆ రెండు మాటలూ అనడానికి అతనికి ఎంత ఖర్చయిందో నాకు తెలుసు. ఆ కుర్చీ పోతే అతనికి ఇంకేమీ లేదు.

ఆ నెల మా రోడ్డు చూడాల్సింది. ఐదు చోట్లా బస్సు దాటిన టైము రాసుకోవడానికి మనుషులు కావాలంటే, రిటైరైన రైల్వే వాళ్ళు పోటీ పడ్డారు. డ్యూటీ అనే మాట విని పదేళ్ళయింది పాపం. బడి గేటు దగ్గర మాజీ కేబిన్‌మ్యాన్ జగ్గారావు గారు పావుగంట ముందే వచ్చి, చొక్కా జేబులో రెండు పెన్నులు పెట్టుకుని నిలబడేవారు. "రిలీవరు రాకుండా కదలను" అని భార్య భోజనానికి పిలిచినా వెళ్ళలేదు. సుభాష్‌పల్లి సందు దగ్గర దాలమ్మే. అరుగు మీద కుర్చీ, ఒళ్ళో చేతికర్ర. చదువు రాదు కాబట్టి ఆగిన బస్సుకి ఒక చింతపిక్క ఈ గిన్నెలో, ఆగని బస్సుకి ఒకటి ఆ గిన్నెలో. మొదటి వారం ఆగని గిన్నె బరువెక్కింది. బుజ్జిబాబు ఆ బస్సులన్నిటికీ వంతు పీకాడు. మూడో వారానికి ఆ గిన్నెలో పిక్కలు వేళ్ళ మీద లెక్కపెట్టేటన్ని మిగిలాయి. మున్సిపాలిటీ వాళ్ళు కూడా బడి ముందు తెల్లచారలు గీసి, కొళాయి స్టాపుని ఆడవాళ్ళు చెప్పిన చోటికి జరిపారు. ఆ చారలు ఇంకా వంకరగానే ఉన్నాయి, అది వేరే సంగతి.

నెల తిరిగింది. కార్యదర్శి తనే బస్సెక్కి వచ్చాడు. లోపల కూర్చోడానికి చోటు దొరకలేదు. బస్సు మానేసిన ముసలివాళ్ళూ, చంటిపిల్లల తల్లులూ ఒక్కొక్కరే మళ్ళీ ఎక్కుతున్నారు. కార్యదర్శి దిగి, బుజ్జిబాబు బల్ల దగ్గర టీ తాగి, ఏమీ అనకుండా వెళ్ళిపోయాడు. మా వైపు దాన్ని ఒప్పుకోవడం అంటారు.

బుజ్జిబాబు మాత్రం సంతోషించినట్టు కనపడలేదు. మంగళవారం వస్తే పదకొండు దాటాక రోడ్డు వంక చూసేవాడు. ఆదివారం అక్క దగ్గర కూర్చుని "ఇప్పుడు బాగానే ఆగతన్నాయప్పా" అని మాత్రం అనేవాడట. "సూత్తన్నాను గదరా" అనేదట దాలమ్మ.

పోయిన మంగళవారం నేను మలుపులోనే ఉన్నాను, పాన్ షాపు ముందు అరటిపళ్ళు కొంటూ. నిమాయ్ బస్సు రావాల్సింది పదకొండు ఇరవై ఎనిమిదికి. ఇరవై ఎనిమిది దాటింది. బుజ్జిబాబు పెన్ను తీసి సిద్ధంగా పట్టుకున్నాడు. ఇరవై తొమ్మిది. బస్సు మలుపు తిరిగి వచ్చి ఆగింది. చక్రం పూర్తిగా ఆగింది. హెల్పరు చీటీ పట్టుకుని పరుగెత్తుకు రాలేదు. తలుపు దగ్గరే నిలబడి లోపలికి చెయ్యి చాచాడు.

ముందు చేతికర్ర కనిపించింది. తర్వాత క్యారేజీ. ఆ తర్వాత దాలమ్మ.

సుభాష్‌పల్లిలో ఎక్కేటప్పుడు నిమాయ్ ఇంజను ఆపేసి కూర్చున్నాడట. ఆవిడ మెట్టు మీద కాలు పెట్టి, భయపడి తీసేసి, మళ్ళీ పెట్టిందట. ఒకటిన్నర నిమిషం. లోపల జనం ఒక్కరూ గొణగలేదని తర్వాత హెల్పరు చెప్పాడు. ఇప్పుడు దిగడానికీ అలాగే అవుతోంది. ఒక మెట్టు, కర్ర, ఇంకో మెట్టు.

ముప్పై పడింది. నిమాయ్ కిటికీలోంచి గడియారం చూశాడు, తర్వాత బుజ్జిబాబుని చూశాడు. వంతు పోయిందని అతనికి తెలుసు. హారను మీద చెయ్యి మాత్రం వేయలేదు.

దాలమ్మ నేల మీద నిలబడి ఊపిరి తీసుకుంది. తమ్ముడి చేతిలో పెన్ను చూసి కంగారు పడింది.

"ఏరా బుజ్జీ, నా వల్ల బస్సు లేటయిపోనాదేట్రా?"

బుజ్జిబాబు గడియారం వంక చూడలేదు. పుస్తకం మీదికి వంగి రాశాడు. నేను వెనక నుంచి తొంగి చూశాను, నాకా దురలవాటు ఉంది. పదకొండు ముప్పై, డ్రైవరు నిమాయ్, రైట్ టైమ్. కింద గీత కూడా గీశాడు.

"నేదప్పా. రైట్ టైమే" అన్నాడు. కళ్ళు తుడుచుకుని క్యారేజీ అందుకున్నాడు. "ఎల్లు దాదా, నిదానంగా ఎల్లు" అని నిమాయ్‌కి చెయ్యూపి, అక్కని కుర్చీలో కూర్చోబెట్టాడు. పదకొండేళ్ళలో ఆ కుర్చీలో ఇంకొకరు కూర్చోవడం నేను చూడలేదు. అతను బల్లకు ఆనుకుని నిలబడి, మొదటి గిన్నె మూత తీశాడు. ఆవ వాసన పాన్ షాపు దాకా వచ్చింది.